ఇంటికి చేరేదాకా వెలిగే లైటు

(ఈ వారం ఎపిసోడ్ పూర్తి పాఠం ఇది. ఫోన్ లోపలికి రానివ్వని చోట్ల పనిచేసేవాళ్ళు, షిఫ్టులో వినడం కుదరనివాళ్ళు తీరిగ్గా చదువుకుంటారని ఎప్పటిలాగే ఇక్కడ పెడుతున్నాను.)

తిన్నారా, పడుకున్నారా, షిఫ్టుకి బయల్దేరుతున్నారా?

ఈ వారం ఒక వాయిస్ మెసేజ్‌తో మొదలుపెడతాను. చికాగో దగ్గర వేర్‌హౌస్‌లో పనిచేసే ఒక తమ్ముడు పంపాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. అతని మాటల్లోనే సంగతి ఇది: "అన్నా, నాకు ఇంకా కారు లేదు. సైకిలు మీదే డ్యూటీకి వెళ్తున్నా. వచ్చే వారం నుంచి రెండో షిఫ్టు వేశారు, రాత్రి పదకొండుకి వదుల్తారు. ఆన్‌లైన్‌లో 10,000 ల్యూమెన్ల లైటు 18 డాలర్లకే ఉంది. ఒకసారి చార్జింగ్ పెడితే పది గంటలు వస్తుందట. కొనేయమంటావా?"

తమ్ముడూ, కొనొద్దు. ఒక్క మాటలో జవాబు అది. ఎందుకు వద్దో, మరి ఏది కొనాలో, కొన్నాక ఎలా వాడాలో చెప్పడానికే ఈ ఎపిసోడ్ అంతా. నువ్వు అడిగిన లాంటి లైటే నేనూ కొన్నాను. దాని ఖరీదు నాకు 18 డాలర్లతో పోలేదు.

ఆ సంగతి ముందు చెప్తాను.

నేను ఇక్కడికి సాఫ్ట్‌వేర్ మీద వచ్చినవాణ్ణి కాదని పాత శ్రోతలకి తెలుసు. మా అక్క వేసిన పిటిషన్ పుష్కరం దాటాక తెమిలితే, నలభైకి దగ్గరపడ్డ వయసులో గ్రీన్ కార్డు మీద డాలస్ పక్కకి వచ్చాను. అక్కావాళ్ళింట్లో రెండు నెలలు ఉండి, వేర్‌హౌస్‌లో ఉద్యోగం దొరికాక చిన్న అపార్ట్‌మెంట్లోకి మారాను. అపార్ట్‌మెంట్ నుంచి పనికి 4 మైళ్ళు. డ్రైవింగ్ లైసెన్సు ఇంకా రాలేదు. కారు కొనాలంటే డౌన్ పేమెంటు, ఇన్సూరెన్సు కలిపి తలకి మించిన భారం. ఊబర్‌లో వెళ్తే గంటన్నర కూలి దానికే పోతుంది. అందుకని ఒక పాత సైకిలు కొన్నాను.

టెక్సస్‌లో సైకిలు మీద పనికెళ్ళేవాణ్ణి చూస్తే మనవాళ్ళే నవ్వుతారు. గుడి దగ్గర కనబడితే "ఇంకా కారు తీసుకోలేదా?" అని అడుగుతారు. నాకేమీ నామోషీ అనిపించలేదు. మా నాన్న అనకాపల్లి బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పనిచేసి, ముప్ఫై ఏళ్ళు సైకిలు మీదే ఊరికి వచ్చేవాడు. నాకు సైకిలు అంటే కొత్తా?

నవంబరు మొదటి ఆదివారం వచ్చింది. తెల్లవారుజామున 2 గంటలకి గడియారం గంట వెనక్కి జరిగింది. అంతకుముందు రోజుదాకా సాయంత్రం ఆరున్నరకి కూడా ఆకాశంలో వెలుగు ఉండేది, మర్నాడు అయిదున్నరకే పొద్దుగూకిపోయింది. చికాగో తమ్ముడికైతే డిసెంబరులో 4 గంటల 20 నిమిషాలకే సూర్యుడు దిగిపోతాడు. ఈ దేశంలో సైకిలు తొక్కేవాడికి చలికాలం అంటే చలికన్నా ముందు చీకటి.

నేనూ ఆన్‌లైన్‌లో చూసి, నక్షత్రాల రేటింగు చూసి, పెద్ద అంకె ఉన్న లైటు కొన్నాను. మొదటి రాత్రి అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో వేసి చూస్తే పట్టపగల్లా ఉంది. ఇంకేం కావాలి అనుకున్నా.

మూడో వారంలో ఒక రాత్రి ఓవర్‌టైమ్ చేసి పదిన్నరకి బయల్దేరాను. ముందురోజు చార్జింగ్ పెట్టడం మరిచిపోయాను. కానీ పది గంటలు వస్తుందని డబ్బా మీద ఉంది కదా అని ధీమా. రెండు మైళ్ళు వచ్చేసరికి లైటు పల్చబడింది. వీధి దీపాల కింద తొక్కుతున్నాను కాబట్టి నాకు తేడా తెలియలేదు. నా రోడ్డు నాకు కనబడుతూనే ఉంది. ఒక సిగ్నల్ దగ్గర నాకు పచ్చలైటు పడింది, తిన్నగా వెళ్తున్నాను. ఎదురుగా వచ్చే కారు ఎడమవైపు తిరగాలి. డ్రైవరు రోడ్డు ఖాళీ అనుకుని తిప్పేశాడు. చివర్లో బ్రేకు వేశాడు గానీ నా వెనక చక్రానికి తగిలింది. నేను ఎగిరి చేతి మీద పడ్డాను. మణికట్టు విరిగింది.

అతను పరుగున దిగి వచ్చి, వణుకుతూ, ఒకే మాట పదిసార్లు అన్నాడు: "నువ్వు నాకు కనబడలేదు." నాకు మొదట ఒళ్ళు మండింది. తర్వాత పేవ్‌మెంటు మీద కూర్చుని నా సైకిలు వైపు చూశాను. ముందు లైటు ఆరిపోయి ఉంది. ఎప్పుడు ఆరిపోయిందో నాకే తెలియదు. అతను అబద్ధం చెప్పలేదు.

ఆరు వారాలు పనిలేదు. అమ్మైతే ఫోన్లో, "అక్కడ పుత్తూరు కట్టు కట్టేవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో చూడరా" అంది. ఎమర్జెన్సీ రూమ్ బిల్లు గురించి నేను చెప్పక్కర్లేదు, మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ ఆరు వారాల్లో చేతికి కట్టుతో కూర్చుని, ఈ లైట్ల గురించి చదివాను. అదే ఇవాళ మీకు చెప్తున్నాను.

మొదటి సంగతి. సైకిలు లైటుకి రెండు పనులు. ఒకటి, మనకి రోడ్డు చూపించడం. రెండు, మనల్ని ఎదుటివాడికి చూపించడం. వీధి దీపాలున్న ఊళ్ళో రెండో పనే పెద్దది. మనం కొనేటప్పుడు మాత్రం మొదటి పని గురించే ఆలోచిస్తాం. మన కళ్ళకి రోడ్డు కనబడుతోంది కదా అని లైటు సంగతి వదిలేస్తాం. నాకు జరిగింది అదే.

ఎదుటివాడి వైపు నుంచి లెక్క వేసి చూడండి. గంటకి 40 మైళ్ళ వేగంతో వచ్చే కారు ఒక సెకనుకి సుమారు 59 అడుగులు వస్తుంది. డ్రైవరు చూసి, అర్థం చేసుకుని, బ్రేకు వేసి, పూర్తిగా ఆగడానికి 305 అడుగులు కావాలని ఇక్కడ రోడ్లు వేసే ఇంజనీర్లు లెక్క కడతారు. కారు లోబీమ్ హెడ్‌లైట్లు మామూలుగా చూపించేది 200 అడుగుల లోపే. అంటే లైటు లేకుండా నల్ల జాకెట్ వేసుకుని వెళ్తుంటే, అతను మనల్ని చూసేసరికే ఆలస్యమైపోతుంది. అతను ఎంత మంచివాడైనా, ఎంత జాగ్రత్తగా నడిపినా సరే.

అందుకే చాలా రాష్ట్రాల చట్టంలో 500 అడుగులు అనే మాట కనబడుతుంది. టెక్సస్, ఇల్లినాయ్, న్యూయార్క్, న్యూజెర్సీలలో చీకటిపడ్డాక సైకిలు ముందు తెల్ల లైటు ఉండాలి, అది 500 అడుగుల దూరం నుంచి కనబడాలి. కాలిఫోర్నియాలో 300 అడుగులు, పక్కల నుంచి కూడా కనబడాలి. వెనకవైపు ఎరుపు, అది లైటా రిఫ్లెక్టరా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఇక్కడ షాపులో అమ్మే కొత్త సైకిలుకి రిఫ్లెక్టర్లు ఉండి తీరాలని ఫెడరల్ నిబంధన ఉంది. లైటు ఉండాలని మాత్రం లేదు. అంటే కొత్త సైకిలు కొన్నా లైటు మనమే విడిగా కొనుక్కోవాలి.

ఇంకో మాట కూడా ఉంది. మనలాంటివాళ్ళకి పోలీసు ఆపడం అంటేనే గుండె దడ. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా దడే. లైటు లేని సైకిలు వాళ్ళకి ఆపడానికి చట్టం ఇచ్చిన కారణం. ఆ కారణం మనం ఇవ్వొద్దు.

లైటు లేని సైకిలుని పోలీసు ఆపడం మనకి కొత్త కాదులెండి. మా నాన్న చెప్పేవాడు, ఒకప్పుడు పట్నంలోకి వస్తే లైటు లేని సైకిలుకీ డబుల్స్‌కీ పోలీసులు పట్టుకునేవారట. జరిమానా కట్టలేనివాడి చక్రంలో గాలి తీసేసి పంపేవారట. ఆ భయానికే నాన్న డైనమో పెట్టించాడు. టైరుకి ఆనుకుని గిర్రున తిరిగే సీసాలాంటి డైనమో గుర్తుందా? 6 వోల్టులు, 3 వాట్లు. తొక్కితే వెలుగు, జోరుగా తొక్కితే జోరుగా వెలుగు. ఆగితే చీకటి. నాలుగు రోడ్ల కూడలిలో ఆగాల్సినప్పుడే, లైటు కావాల్సినప్పుడే, అది ఆరిపోయేది. నాన్నకి ఆ లోటు తెలుసు. అందుకని కూడలి దగ్గర దిగి, చేతిలో చిన్న టార్చి పట్టుకుని, నడిపించుకుంటూ దాటేవాడు. తన లైటు ఎప్పుడు మోసం చేస్తుందో ఆయనకి తెలుసు. నా లైటు ఎప్పుడు మోసం చేస్తుందో నాకు తెలియలేదు.

ఇక లెక్కల్లోకి వద్దాం. ల్యూమెన్ అంటే లైటులోంచి బయటికొచ్చే మొత్తం వెలుగుకి కొలత. ఇప్పటి మంచి ఎల్‌ఈడీ లైట్లు, లోపలి నష్టాలన్నీ పోగా, ఒక వాటుకి సుమారు 100 ల్యూమెన్లు ఇస్తాయి అనుకోండి. చార్జింగ్ లైట్లలో ఎక్కువగా ఉండేది 18650 అనే సెల్లు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు, మన పెన్‌టార్చి సెల్లుకి పెద్దన్నయ్య. మంచి కంపెనీ సెల్లు ఒకదాంట్లో 3,500 మిల్లీయాంప్ అవర్ల దాకా పడుతుంది. వోల్టేజీ 3.6తో గుణిస్తే 12.6 వాట్ అవర్లు. అంటే ఒక సెల్లుతో 1,000 ల్యూమెన్లు గంటంపావు వస్తాయి. లేదా 400 ల్యూమెన్లు మూడు గంటలు వస్తాయి. ఏదో ఒకటే. రెండూ రావు. బిందెలో నీళ్ళు ఎన్నో అన్నే.

ఇప్పుడు తమ్ముడు చెప్పిన లైటు చూడండి. 10,000 ల్యూమెన్లకి 100 వాట్లు కావాలి. పది గంటలు రావాలంటే 1,000 వాట్ అవర్లు. అంటే సుమారు 80 సెల్లులు. ఒక్కో సెల్లు 45 గ్రాములు వేసుకున్నా మూడున్నర కిలోల పైమాటే. అంత బ్యాటరీ గుప్పెట్లో పట్టే లైటులో ఎలా పడుతుంది? అది 18 డాలర్లకి ఎలా వస్తుంది? అలాగే 18650 సెల్లు మీద 9,900 మిల్లీయాంప్ అవర్లు అని రాసి ఉంటే వెంటనే పక్కన పెట్టేయండి. ఆ సైజులో అంత పట్టే సెల్లు లేదు. అంకెలో అబద్ధం ఆడినవాడు బ్యాటరీ భద్రతలో నిజాయితీగా ఉంటాడని ఎలా నమ్మాలి?

మంచి కంపెనీ లైటుకి కూడా ఒక మెలిక ఉంది. అమెరికాలో టార్చిలైట్ల కొలతలకి ఎఫ్‌ఎల్ 1 అనే ప్రమాణం ఒకటి ఉంది. సైకిలు లైట్ల కంపెనీలు కొన్ని కూడా దాన్నే పాటిస్తాయి. దాని ప్రకారం ల్యూమెన్లు కొలిచేది లైటు వేసిన మొదటి రెండు నిమిషాల లోపు. ఎన్ని గంటలు వస్తుందన్నది మాత్రం, వెలుగు మొదట ఉన్నదాంట్లో పదో వంతుకి పడిపోయేదాకా లెక్కపెడతారు. అర్థమైందా? డబ్బా మీద "1,000 ల్యూమెన్లు, 2 గంటలు" అని ఉంటే రెండు గంటలూ వెయ్యి అని అర్థం కాదు. చివరికి వంద మిగిలినా లెక్కలోకే వస్తుంది. వేడెక్కినప్పుడు కూడా లైటు తనంతట తానే వెలుగు తగ్గించుకుంటుంది. కాబట్టి పెద్ద అంకె చూడొద్దు, మనం రోజూ వాడబోయే మధ్య మోడ్‌లో ఎన్ని గంటలు వస్తుందో చూడండి. సైగోలైట్, నైట్‌రైడర్, క్యాట్‌ఐ, లెజైన్, బాంట్రేగర్ లాంటి పేరున్న కంపెనీలు ఏ మోడ్‌లో ఎంతసేపో రాస్తాయి. వీళ్ళెవరూ నాకు డబ్బులివ్వలేదు, ఇస్తే మీకు చెప్తాను.

మరి ఎంత కొనాలి? నా లెక్క ఇది. వీధి దీపాలున్న రోడ్లయితే ముందు లైటు 300 నుంచి 400 ల్యూమెన్ల మోడ్‌లో సరిపోతుంది. దీపాలు లేని రోడ్డు, చెరువు పక్క ట్రెయిల్, హైవే సర్వీసు రోడ్డు ఉంటే 600 నుంచి 800. పగలు కూడా వెలిగించుకునేలా వెనక లైటు 50 నుంచి 100. ఇక గంటల సంగతి. పోనురాను ఎంతసేపు పడుతుందో దానికి రెట్టింపు రావాలి. నాకు పోవడానికి 25 నిమిషాలు, రావడానికి 25 నిమిషాలు, అంటే 50 నిమిషాలు. కాబట్టి నాకు కావాల్సిన మోడ్‌లో గంటా నలభై నిమిషాలు రావాలి. ఒకరోజు చార్జింగ్ మరిచిపోయినా ఇంటికి చేరుస్తుంది. ముందుది సుమారు 40 నుంచి 70 డాలర్లు, వెనకది 20 నుంచి 40. ఎక్కువే, నాకు తెలుసు. కానీ ఆరు వారాల జీతం పక్కన పెట్టి చూడండి.

కొనేటప్పుడు ఇంకో మూడు చూడండి. చార్జింగ్ పిన్ను యూఎస్‌బీ-సి అయితే ఫోన్ చార్జర్‌తోనే అయిపోతుంది. వానకి తట్టుకునేది, ఐపీఎక్స్ 4 లేదా అంతకన్నా పైది. మూడోది నా అనుభవం: బ్యాటరీ ఎంత ఉందో రంగులో చూపించే బటన్, తొక్కుతూ చూసినా కనబడేలా ఉండాలి. నా పాత లైటుకి ఆ గుర్తు అడుగువైపు ఉండేది. ఎవరు చూస్తారు?

ఇప్పుడు బిగించడం. ఎక్కువ వెలుగున్న లైటు తిన్నగా ఎదుటివాడి కళ్ళలోకి కొడితే, అతనికి వెలుగే కనబడుతుంది, మనిషి కనబడడు. మనం ఎంత దూరంలో ఉన్నామో, ఏ వేగంతో వస్తున్నామో అంచనా దొరకదు. జర్మనీలో దీనికి చట్టమే ఉంది. అక్కడ సైకిలు లైటు వెలుగు కారు లైటులాగా పైభాగం కత్తిరించినట్టు ఉండాలి, రోడ్డు మీదే పడాలి. ఇక్కడ అమ్మే లైట్లలో ఎక్కువ భాగం టార్చిలా గుండ్రంగా కొడతాయి కాబట్టి వంచుకోవడం మన పని. వెలుగు మధ్యభాగం మీ ముందు 20, 30 అడుగుల దూరంలో రోడ్డు మీద పడేలా కొంచెం కిందికి వంచండి. చీకటి రోడ్డు మీద ఇంకాస్త దూరం. రూమ్మేట్‌ని ఓ ముప్ఫై అడుగుల దూరంలో నిలబెట్టి అడగండి. కళ్ళు చిట్లించకుండా మీ మొహం వైపు చూడగలిగితే సరిగ్గా ఉన్నట్టు.

టపటపా కొట్టుకునే మోడ్ గురించి చాలామంది అడుగుతారు. పగలు దానికి పని ఉంది, చూపు లాగుతుంది. రాత్రి ముందు లైటు మాత్రం నిలకడగా వెలగనివ్వండి. కొట్టుకునే లైటు దూరం అంచనాకి అందదు, మన కళ్ళకి రోడ్డూ సరిగ్గా కనబడదు. వెనకాల ఎర్రలైటుకి కావాలంటే మెల్లగా కొట్టుకునే మోడ్ పెట్టుకోండి. ఇంకా మంచిది, వెనక రెండు లైట్లు, ఒకటి నిలకడగా, ఒకటి కొట్టుకుంటూ. వెనక లైటు ఆరిపోతే మనకి తెలియదు కదా, రెండోది ఉంటే ధైర్యం. బ్యాగు తగిలించుకుంటే వెనక లైటు దాని వెనక దాక్కుంటోందేమో చూడండి. లంచ్‌బ్యాగు, జాకెట్ కొస, ఇవే ఎక్కువసార్లు కప్పేస్తాయి.

పగలు కూడా లైటు వేయాలా అంటే, వేస్తే మంచిదే అంటాను. డెన్మార్క్‌లో ఓడెన్స్ అనే ఊళ్ళో 2004-05లో 3,845 మందితో ఒక పరిశీలన చేశారు. కొంతమంది సైకిళ్ళకి చక్రం తిరిగినంతసేపు పగలూ రాత్రీ వెలిగే అయస్కాంతపు లైట్లు పెట్టారు. వాళ్ళలో గాయాలైన ప్రమాదాలు 19 శాతం తక్కువగా నమోదయ్యాయి. గమనించండి, వాళ్ళు పెట్టింది కళ్ళు చెదిరే లైట్లు కాదు. చిన్నవి, కానీ ఎప్పుడూ ఆరనివి.

లైటుతో పాటు ఇంకొక చవకైన సంగతి. వేర్‌హౌస్‌లో ఇచ్చే పసుపుపచ్చ జాకెట్ వేసుకుంటే రాత్రి కనబడతాం అనుకుంటాం. ఆ రంగు మెరిసేది ఎండ వెలుతురులో. రాత్రి దానికి ఆ గుణం ఉండదు, అడ్డంగా కుట్టిన వెండిపట్టీలే పనిచేస్తాయి. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీవాళ్ళు 2012లో ప్రచురించిన ప్రయోగం ఉంది. రాత్రిపూట డ్రైవర్లు నల్ల బట్టలేసుకున్న సైకిలు మనుషుల్లో 2 శాతాన్ని మాత్రమే గుర్తుపట్టారు. మెరుపురంగు జాకెట్ వేసుకున్నవాళ్ళని 15 శాతం. వెండిపట్టీల జాకెట్ అయితే 50 శాతం. దానికి తోడు చీలమండలకీ మోకాళ్ళకీ కూడా మెరిసే పట్టీలు కట్టుకుంటే 90 శాతం. పైకీ కిందికీ ఆడే కాళ్ళని చూడగానే "ఇది మనిషి" అని డ్రైవరు బుర్ర పట్టేస్తుంది. కాళ్ళకి కట్టుకునే ఆ పట్టీలు కొన్ని డాలర్లకే వస్తాయి, వాటికి చార్జింగ్ కూడా అక్కర్లేదు. మా ఆవిడ వాటిని చూసి "రాత్రిపూట గజ్జెలు కట్టుకుని ఎక్కడికి?" అంటుంది. అననీ.

ఇక చార్జింగ్. అసలు ఈ ఎపిసోడ్ మొత్తంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటానంటే, ఇది గుర్తుపెట్టుకోండి: లైటు చార్జింగ్ గుర్తుంచుకోవాల్సిన పనిలా ఉండకూడదు, అలవాటులో కలిసిపోవాలి. నేను ఇంటికి రాగానే హెల్మెట్ తీసి పెట్టే చోటే చార్జర్ పెట్టాను. హెల్మెట్ పక్కన రెండు లైట్లు, పిన్ను గుచ్చేస్తాను. ఆ తర్వాతే చెప్పులు విప్పడం. ఎలాగూ బయట సైకిలు మీద వదిలేస్తే ఎవరో ఒకరు పట్టుకుపోతారు, విప్పి తెచ్చుకోక తప్పదు. పొద్దున్న బయల్దేరే ముందు ఒకసారి బటన్ నొక్కి రంగు చూస్తాను. పచ్చ అయితేనే తాళం తీస్తాను. బ్యాగులో ఒక చిన్న లైటు అదనంగా ఎప్పుడూ ఉంటుంది, పది పదిహేను డాలర్లది. నాన్న చేతి టార్చి లాంటిది అన్నమాట.

చలిప్రాంతాలవాళ్ళకి ఒక జాగ్రత్త. చలికి లిథియం బ్యాటరీ బలం తగ్గుతుంది. ఇంట్లో రెండు గంటలొచ్చే లైటు, జనవరిలో చికాగోలో అంతసేపు రాదు. షిఫ్టు జరిగినంతసేపు లైటుని బయట సైకిలు మీద వదలకుండా లాకర్లో పెట్టుకోండి. గడ్డకట్టే చలిలో, అంటే 32 ఫారన్‌హీట్ కింద, చార్జింగ్ పెట్టకండి. బ్యాటరీ లోపల పాడవుతుంది. బయటి నుంచి తెచ్చాక కాసేపు గది వేడికి రానిచ్చి అప్పుడు పెట్టండి.

ఇంకో జాగ్రత్త ప్రాణాలకి సంబంధించినది. ఒకే గదిలో నలుగురం, అయిదుగురం ఉంటాం. అందరి ఫోన్లు, లైట్లు, డెలివరీ చేసే తమ్ముళ్ళ ఈ-బైక్ బ్యాటరీలు తలుపు పక్కనున్న ఒక్క ప్లగ్గుకే వేలాడుతుంటాయి. న్యూయార్క్ నగరంలో ఒక్క 2023లోనే లిథియం బ్యాటరీల వల్ల 268 అగ్నిప్రమాదాలు జరిగి 18 మంది చనిపోయారు. వాటిలో ఎక్కువ ఈ-బైకులు, స్కూటర్లవి. 2024 ఫిబ్రవరిలో హార్లెమ్‌లో అలాంటి మంటల్లోనే మన దేశం నుంచి వచ్చిన ఒక యువ పాత్రికేయుడు పోయాడు. సైకిలు లైటు బ్యాటరీ దానితో పోలిస్తే చాలా చిన్నది. అయినా జాతి అదే. కాబట్టి పరుపు మీద, సోఫా మీద పెట్టి చార్జ్ చేయకండి. బయటికెళ్ళే దారికి అడ్డంగా పెట్టకండి. ఉబ్బినది, వాసన వచ్చేది, మరీ వేడెక్కేది ఇంక వాడకండి. దాన్ని చెత్తడబ్బాలో కూడా వేయకండి, బ్యాటరీలు తీసుకునే చోట ఇవ్వండి. ఈ-బైక్ ఉన్నవాళ్ళు యూఎల్ ముద్ర ఉన్న బ్యాటరీయే కొనండి. 2023 సెప్టెంబరు నుంచి న్యూయార్క్‌లో అది లేనిది అమ్మడమే చట్టవిరుద్ధం.

ఊరెళ్ళేటప్పుడు ఇంట్లోవాళ్ళకి ఒక లైటు పట్టుకెళ్దాం అనుకుంటే, చేతి సంచీలో పెట్టుకోండి. విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టనివ్వరు.

చివరిగా మన చికాగో తమ్ముడికి. తమ్ముడూ, నీ మెసేజ్‌లో ఒక మాట దగ్గర ఆగిపోయాను. "రెండు నెలలే కదా అన్నా, తర్వాత కారు కొనేస్తా, దీనికెందుకు అంత ఖర్చు" అన్నావు. నేనూ అలాగే అనుకున్నాను. నాకు జరిగింది మూడో వారంలోనే. అమెరికాలో ఏటా వెయ్యి మందికి పైగా సైకిలు మీద వెళ్తూ చనిపోతున్నారు, వాళ్ళలో దాదాపు సగం చీకట్లోనే. వాళ్ళలో ఎంతమంది "రెండు నెలలే కదా" అనుకున్నారో మనకి తెలియదు.

మంచి లైటు ఉంటే ప్రమాదం రాదని నేను అనను. ఫోన్ చూస్తూ నడిపేవాడికి ఏ లైటూ కనబడదు. అందుకే ఇప్పటికీ ఎడమవైపు తిరగడానికి కారు ఆగి ఉంటే, నాకు పచ్చలైటున్నా సరే, వేగం తగ్గించి అతని ముందు చక్రం వైపు చూస్తాను. కదుల్తోందంటే ఆగిపోతాను. కానీ "కనబడలేదు" అనే మాటకి మాత్రం నా వైపు నుంచి అవకాశం ఉండకూడదని నిశ్చయించుకున్నాను.

నాకిప్పుడు లైసెన్సు వచ్చింది. పాత కారు కూడా ఉంది. అది మా ఆవిడ పనికి తీసుకెళ్తుంది. నేను ఇప్పటికీ వారంలో నాలుగు రోజులు సైకిలే. మొన్న వీడియో కాల్‌లో నాన్నకి కొత్త లైటు చూపించాను. "తొక్కకుండానే వెలుగుతుందా?" అన్నాడు. వెలుగుతుంది నాన్నా, ఆగినా వెలుగుతుంది అన్నాను. కాసేపు చూసి, "చార్జింగ్ అయిపోతే?" అని అడిగాడు. ఎనభై దాటిన మనిషి, చూడగానే అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. ఆ ప్రశ్న నేను కొనేముందు అడగలేదు.

మీరు అడగండి. ఇవాళ పనికి బయల్దేరే ముందు ఒకసారి లైటు వేసి, సైకిలు ముందుకెళ్ళి నిలబడి చూడండి. తర్వాత వెనక్కెళ్ళి చూడండి. మీ ఫ్లోర్‌లో, మీ కిచెన్‌లో సైకిలు మీద వచ్చేవాడు ఇంకొకడు ఉంటే, అతను తెలుగువాడైనా, మెక్సికోవాడైనా, నేపాల్‌వాడైనా, అతని సైకిలు వెనక్కి కూడా ఒకసారి చూడండి.

చికాగో తమ్ముడూ, ఏది కొన్నావో మెసేజ్ పెట్టు. మొదటి రాత్రి ఇల్లు చేరాక పెట్టు. ఎదురుచూస్తుంటాను.

మళ్ళీ వచ్చే వారం కలుద్దాం. జాగ్రత్తగా వెళ్ళిరండి. ఉంటాను మరి.